రెండు నెలల మజ్జిగ

పలాస,
6 ఆగస్టు 2001.

దమయంతక్కా,

కుశలప్రశ్నలు తర్వాత. ముందు నా మంట విను. ఫోన్ చేద్దామని ఎస్.టి.డి. బూత్‌కి వెళ్ళాను. వెనక నలుగురు నిలబడి చెవులు నా వైపు పెట్టారు. తిరిగొచ్చేశాను. ఈ మాటలు అద్దాల గదిలో నిలబడి అనేవి కావు.

మా కాసులమ్మత్త నీకు గుర్తుందా? మా నాన్నకి అప్ప, సొంత అక్క. నర్సింగ్ స్కూల్లో మన గదికి ఎండు నెత్తళ్ళ మూట పంపిస్తే వార్డెన్ వాసనకి వరండా అంతా కడిగించింది చూడు, ఆ అత్త. ఆవిడకి నోట్లో పుండు పడింది. పైన, అంగిలి మీద.

నేనే మా ట్రస్టు ఆసుపత్రికి తీసుకొచ్చాను. డాక్టర్ తారకేశ్వరరావు గారు టార్చి వేసి ఒక్క నిమిషం చూశారు. చూసి, ఆవిడతో ఒక్క ముక్క మాట్లాడకుండా లేచి, మా అసిరయ్య బావని వరండాలోకి పిలిచారు. బావంటే అత్త కొడుకే. "క్యాన్సరయ్యా. డెబ్భై ఏళ్ళ మనిషి. ఈ వయసులో కోతలూ కరెంటు పెట్టించడాలూ ఎందుకు? ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి పెట్టుకో" అన్నారు. ముక్క తీసి పరీక్షకైనా పంపలేదక్కా. వయసు చూశారు, చీటీ మడిచారు. బావ బుర్ర ఊపాడు. నేను ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను, బొమ్మలాగ.

అత్త బల్ల మీద కూర్చుని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మా ముగ్గుర్నీ చూస్తోంది. నోరు ఆవిడది. పుండు ఆవిడది. మాటలు మాత్రం మావి.

మా పేటలో ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారని నీకు వేరే చెప్పక్కర్లేదు. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. సముద్రం గాలికి ఆరిపోదు, బూడిద గంపలోని చేప మీద పడదు. పదమూడో ఏట మొదలెట్టింది అత్త. యాభై ఏడేళ్ళు ఆ అంగిలి నిప్పు కింద కాలింది. అది తెలిసి కూడా ఒక్కడూ ముందే చూడలేదు. కాదు, చూశారు. జనవరిలో మా పేటలో నోటి పరీక్షల క్యాంపు పెట్టారు. అత్తకి కార్డిచ్చారు. దాని మీద "నోరు బాగుంది" అని రాసి, కింద కోడి గిలికినట్టు ఒక సంతకం. ఆ రాసిన చెయ్యి ఎవరిదో నాకు దొరకాలి.

నువ్వు విశాఖలో క్యాన్సర్ ఆసుపత్రిలో నర్సులకి పాఠాలు చెప్పే పెద్దదానివి కదా. ఏటి చెయ్యమంటావో చెప్పు.

సత్య


విశాఖపట్నం,
14 ఆగస్టు 2001.

సత్యకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అత్తని వెంటనే తీసుకురా. అంగిలి మీద పుండు ఎముకలోకి ఎంత దిగిందో చూడకుండా ఎవరూ ఏమీ తేల్చలేరు. ముక్క పరీక్ష ఇక్కడ చేయిస్తాను.

డెబ్భై అనేది ఒక అంకె, సత్యా. మేమిక్కడ ఇప్పుడు అదే నేర్పుతున్నాం. ముసలివాళ్ళకి క్యాన్సరొస్తే ముందు వయసు కాదు, మనిషిని చూడాలి. నడవగలరా, ఈ ఆరు నెలల్లో ఎక్కడైనా పడ్డారా, తిండి ఎంత తింటున్నారు, ఒళ్ళు తగ్గిందా, మతిమరుపు ఉందా, వేరే జబ్బులకి ఏ మాత్రలు మింగుతున్నారు, ఇంట్లో వండిపెట్టేదెవరు. అరవై ఏళ్ళకే మంచం పట్టినవాళ్ళుంటారు. ఎనభైలో కొబ్బరి గెలలు మోసేవాళ్ళుంటారు. ఇద్దరికీ ఒకే వైద్యం ఎలా రాస్తాం? అన్నిటికంటే ముందు జబ్బేమిటో ఆ మనిషికి చెప్పి, ఏం కావాలో ఆ మనిషినే అడగాలి. కొడుకుని కాదు.

ఈ శిక్షణ మార్చిలో టెక్కలిలో పెట్టాలనుకుంటున్నాం, మూడు రోజులు. నర్సులు, ఏ.ఎన్.ఎం.లు, ఒకరిద్దరు డాక్టర్లు. మీ తారకేశ్వరరావు గారి పేరు కూడా పంపు.

ఇంతకీ అత్తకి ఏం జబ్బని చెప్పారు? అది రాయలేదు నువ్వు. ఆ క్యాంపు కార్డు గొడవ వదిలెయ్. తొందరలో ఎవరో రాసుంటారు.

దమయంతి


పలాస,
2 సెప్టెంబరు 2001.

అక్కా,

వదిలెయ్ అని ఎంత తేలిగ్గా రాసేశావు. విశాఖలో ఫ్యాను కింద కూర్చుంటే అన్నీ వదిలేయొచ్చు.

అత్తకి ఏం చెప్పానని కదా అడిగావు. ఆ రోజు బల్ల దగ్గరికెళ్తే, "ఏటన్నాడే సత్తీ, డాట్రుబాబు?" అనడిగింది. "నోరు వేడి చేసిందట అత్తా. మజ్జిగ తాగు, కారం తగ్గించు" అన్నాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసు నాది. నోటికొచ్చింది అదీ.

నువ్వు రాసిన ప్రశ్నలు ఆదివారం పేటకెళ్ళి అడిగాను. నడవగలవా అత్తా అంటే, "నడవనేకపోతే సంతబొమ్మాళి సంతకి సచ్చిపోయిన మీ మావొచ్చి నన్ను ఎత్తుకెల్తన్నాడేటి?" అంది. ఈ మధ్య ఎక్కడైనా పడ్డావా అంటే, "నివ్వు పుట్టిన ఏడు తంపర బురదలో జారినాను. ఇప్పుడడుగుతన్నావేటి" అంది. ఈ రోజు ఏ వారమో చెప్పమంటే నా మొహం చూసి, "నీకే మతి బాగున్నట్టు నేదు, కూకో, కాసిన్ని నీల్లు తాగు" అంది. ఇప్పటికీ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని రెండు గంటలు నడుస్తుందక్కా. వండేది తనే, తినేది మాత్రం తగ్గింది. ముద్ద పైన తగిలితే కళ్ళు మూసుకుంటోంది. నేను చూడలేదనుకుని.

విశాఖ మాట బావ దగ్గర ఎత్తాను. "ముసిల్దాన్ని కోతకిచ్చినానని పేటంతా నా మొకాన ఉమ్ముతారు. ఒగ్గీయే" అన్నాడు. మంచోడే అక్కా. తల్లిని చూసుకోడని కాదు. డాక్టరు నోటితో వచ్చిన మాట వాడికి దేవుడి మాట. పైగా ఆ మాట వాడికి అనువుగా ఉంది.

ఇక కార్డు. బావ దగ్గర తీసుకుని చూశాను. పెదవి, బుగ్గ, చిగురు, నాలుక, నాలుక కింద. అయిదు గళ్ళు. అంగిలికి గడి లేదు. అడ్డపొగ తాగే పేటలో అంగిలి చూడక్కర్లేదని ఎవరు చెప్పారు? వెనక్కి తిప్పాను. కింద మూల చిన్నచిన్న అక్షరాల్లో ఉంది. "కార్డు రూపకల్పన: కె. దమయంతి."

ఇప్పుడు రాయి, వదిలెయ్ అని.

సత్య


విశాఖపట్నం,
15 సెప్టెంబరు 2001.

సత్యకి,

ఆ కార్డు నాదే. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే తెలుసు నాకు. అందుకే వదిలెయ్ అన్నాను. ఒక ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని కార్డు తయారు చేశాను. అందులో బొమ్మ సిగరెట్టు కాల్చే మగాడిది. బుగ్గలు, నాలుక, అంతే. కంచిలిలో మా జీడితోటకి కూలికొచ్చే ఆడవాళ్ళు నిప్పు నోట్లో పెట్టుకుని జీడిపిక్కలు ఏరుతుంటే చూస్తూ పెరిగినదాన్ని నేను. కలం పట్టుకునేసరికి పుస్తకం గుర్తుంది, వాళ్ళు గుర్తు లేరు. నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

ఇప్పుడు నా వంతు. ఆ కార్డులు కార్బన్ పెట్టి రెండేసి రాశారు. రెండో ప్రతి మాకొస్తుంది. మొన్న రాత్రి డ్యూటీలో బీరువా తీసి మీ పేట కట్ట విప్పాను. కాసులమ్మ, 70. నోరు బాగుంది. సంతకం గిలికితే నాకు తెలీదనుకున్నావా? మూడేళ్ళు నా రికార్డులు చూసి రాసుకున్న చెయ్యి అది. ఆ 'స' కింద తోక నేనే నేర్పాను నీకు.

ఆ చెయ్యి ఎవరిదో దొరకాలని రాశావు. నీ భుజానికే వేలాడుతోంది, చూసుకో. గడి లేకపోవడం నా తప్పు. కానీ నోరు తెరిచి చూసినవాళ్ళకి కళ్ళుండాలి కదా. గడి లేకపోతే చూడవా? ఆ డాక్టర్ని తిట్టావు, బావని తిట్టావు, నన్ను తిట్టావు. అన్నీ సబబే. తిట్టాల్సిన పేరు ఒకటి దాచి మరీ తిట్టావు, అది నాకు మండింది.

అత్తకి నిజం చెప్పి తీసుకురా. నువ్వు చెప్పకపోతే నేనే బస్సెక్కి వచ్చి చెప్తాను. వారానికి వారం ఆ పుండు ఆగి మన ఉత్తరాలు చదవదు.

దమయంతి


పలాస,
9 అక్టోబరు 2001.

అక్కా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయడానికి ముందు ఆ పని చెయ్యాలనుకున్నాను. చేశాను.

అవును, నా చెయ్యే. ఆ రోజు పేటలో సావిడి ముందు టేబులు వేశారు. వచ్చిన డాక్టరు మగాడు. అత్త ఆయన దగ్గరికి రానంటే నన్ను చూడమన్నారు, సొంత మనిషిని కదా అని. నా పక్క కుర్చీలో పేర్లు రాస్తున్నది ఎవరనుకున్నావు? అసిరయ్య బావ మామగారు. అంటే అత్తకి వియ్యంకుడు. మా పేటలో వియ్యంకుడి ముందు ఆడది నోరు తెరవడమేటి? అత్త తల దించి, చెంగు చాటున వేలెడు నోరు తెరిచింది. టార్చి వేస్తే బుగ్గలు కనిపించాయి, నాలుక కనిపించింది. అంగిలి కనపడాలంటే తల వెనక్కి వాల్చి నోరంతా తెరవమనాలి. నేను అనలేకపోయాను. నర్సుని అనుకుంటే అనేదాన్నే. ఆ నిమిషం నేను కాసులమ్మ మేనకోడల్ని. మా పెద్ద మనిషిని వియ్యంకుడి ముందు తల వెనక్కి వంచమనడం నా వల్ల కాలేదు. ఆయన్ని కాస్త లేచి పొమ్మంటే సరిపోయేది. ఆ మాటా రాలేదు. వెనక ఇంకా అరవై మంది ఉన్నారు. బాగుంది అని రాసేశాను.

ఎనిమిది నెలలుగా ఇది ఒక్కదాన్నే మోశాను. దొరికినవాళ్ళందర్నీ తిట్టుకుంటూ మోశాను.

మొన్న శుక్రవారం ఒడ్డుకెళ్ళాను. అత్త ఇసకలో చేపలు ఎండేస్తోంది. పక్కన కూర్చుని అన్నీ చెప్పాను. జబ్బు పేరు, డాక్టరు మాట, కార్డు, సంతకం. అత్త చేప తిరగేస్తూనే వింది. కార్డు మాటకి, "ఆ ముసిలోడు కూకుంటే నివ్వు మాత్రం ఏటి సేత్తావు" అంది, అంతే. తర్వాత చెయ్యి ఆగింది.

"వేడి సేసిందన్నావు కదే" అంది.

నేను ఇసకలో ఒక చేప అందుకుని తిరగేశాను.

"రెండు నెల్లు నాను మజ్జిగ తాగినాను. సత్తి సెప్పింది, సదువుకున్న గుంట, దానికి తెలుసునని తాగినాను. పులిసిన మజ్జిగ పుండు మీద పడితే ఎలగుంటాదో నీకు తెలుసునేటి? అయినా తాగినాను. ఆ డాట్రుబాబు నాకేటవుతాడు? ఆడు సెప్పనేదని నాకు కోపం నేదు. నివ్వు సెప్పనేదే."

కొట్టి ఉంటే బాగుండేదక్కా.

తర్వాత ఒకటే అడిగింది. కోత కోస్తే సంతలో కేక వెయ్యగలనా అని. తెలీదన్నాను. ఈసారి తెలీనిది తెలీదనే చెప్పాను. "సరే, ఎల్దాం. ఆల్లనే అడుగుతాను" అంది. బావ అడ్డం వస్తే, "కోసేది నా నోరురా. నీదేటి?" అంది. గురువారం రైలుకి వస్తున్నాం.

సత్య


విశాఖపట్నం,
20 నవంబరు 2001.

సత్యకి,

నువ్వు డ్యూటీకి వెళ్ళిపోయిన తర్వాత ఇక్కడేం జరిగిందో రాస్తున్నాను.

ముక్క పరీక్షలో క్యాన్సరనే వచ్చింది. ఎముక కొంత తినేసింది. ఇక్కడా నీ తారకేశ్వరరావు లాంటివాళ్ళున్నారు. మత్తు ఇచ్చే డాక్టరు కేసు షీటు మీద 70 చూసి, మనిషిని చూడకుండానే కుదరదని రాశాడు. నాకు ఒళ్ళు మండి, అత్తని ఆయన గదికి మెట్ల మీంచి నడిపించాను. మూడో అంతస్తు. పైకెళ్ళేసరికి ఆయన గుమాస్తా ఆయాసపడుతున్నాడు, అత్త కాదు. "మరేటి సేయాల బాబూ, కిందకెల్లి మల్లీ ఎక్కమంటావా?" అంది. ఆయన షీటు మార్చి రాశాడు. రాస్తూ నవ్వాడు కూడా. నాకు మాత్రం నవ్వు రాలేదు. మెట్లెక్కి చూపించడానికి ఎవరూ తీసుకెళ్ళని ముసలివాళ్ళు ఆ బల్లల మీద ఎంతమంది కూర్చుని వెళ్ళిపోయారో అనిపించింది.

ఆపరేషను అయింది. అంగిలిలో కుడివైపు తీసేశారు. ఆ ఖాళీకి పళ్ళ సెట్టు లాంటి ప్లేటు అమర్చారు. ప్లేటు ఉంటే మాట వస్తుంది, తినగలదు. తీసేస్తే మాట ముక్కులోంచి పోతుంది. రేడియేషన్ కరెంటు ఆరు వారాలు పెడతారు. మొన్న వార్డులో సంత కేక వేసి చూసుకుంది. పక్క మంచాల వాళ్ళు లేచి కూర్చున్నారు.

ఒక్క మాట చెప్పక తప్పదు. సర్జను గారు అన్నారు, ఆగస్టులోనే వచ్చుంటే ఇంత తియ్యాల్సింది కాదేమోనని. అత్త ముందే అన్నారు. అత్త నా వైపు చూసింది.

టెక్కలి శిక్షణ మార్చి ఏడు, ఎనిమిది, తొమ్మిది. నేను రావడం లేదు. పైకి మా విద్యార్థుల పరీక్షలని చెప్తాను. నీకు నిజం చెప్తున్నాను. పుస్తకం చూసి నేర్పే మనిషిని ఇంకోసారి మీ మీదికి పంపడం నాకిష్టం లేదు. నువ్వే చెప్పు. ఏం చూడలేదో, ఎందుకు చూడలేదో తెలిసినదానివి నువ్వు. కొత్త కార్డు ప్రూఫు పంపుతున్నాను. అంగిలి గడి మొదటిది. "పరీక్ష దగ్గర బంధువులు ఉండరాదు, తల వెనక్కి వాల్చి చూడాలి" అని పైనే అచ్చు వేయించాను. అట్టడుగున ఇంకో గడి కలిపాను: "ఆమె ఏమన్నారు? ఆమె మాటల్లోనే రాయండి."

దమయంతి


టెక్కలి,
9 మార్చి 2002, సాయంత్రం.

అక్కా,

శిక్షణ ఇప్పుడే ముగిసింది. బస్సుకి ఇంకా టైముంది. కాలేజీ హాలు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. దస్తూరీ బాగోకపోతే సర్దుకో.

ముప్ఫై నాలుగు మంది వచ్చారు. తారకేశ్వరరావు గారు మొదటి వరసలో కూర్చున్నారు. నేను మొదటి రోజు పాఠం చెప్పలేదు, నా కార్డు చూపించాను. పాతది. ఈ సంతకం నాది, ఈ నోరు మా అత్తది అన్నాను. తర్వాత అత్తని పిలిచాను. అత్త కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చి, ప్లేటు తీసి చేత్తో పట్టుకుంది. ఒక్కొక్కరు వచ్చి టార్చి వేసి చూశారు. మొహం తిప్పుకున్నవాళ్ళని చెయ్యి పట్టుకు మళ్ళీ చూపించింది.

డాక్టరు గారు వంతు వచ్చి చూశారు. చూసి, అలవాటు ప్రకారం అటూ ఇటూ వెతికి, "అబ్బాయి రాలేదా అమ్మా?" అన్నారు. అత్త ప్లేటు పెట్టుకుంది. "ఆ పాలి ఆసుపత్రిలో కూడా అబ్బాయినే అడిగినావు బాబూ. నాను ఎదురుగా కూకున్నాను, గోడనడిగినట్టు ఆడినడిగినావు. నా వయిసు సూసినావు, నన్ను సూడనేదు. ఇప్పుడు ఈల్లందరి ముందర నన్నడుగు" అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నొప్పి ఉందా అమ్మా?" అన్నారు. "ఉన్నాది" అంది. ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. ఎక్కడుంది, ఎప్పుడుంటుంది, నిద్ర పడుతోందా అని పావుగంట అడిగారు. పాపం ఆయనకీ ఇదివరకెవరూ నేర్పలేదేమో. అయినా నా కోపం పోలేదు, అది వేరు.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఈ రోజు మెడ తడిమి చూడడం నేర్పాను. అత్త మెడ మీదే అందరూ చూస్తున్నారు. కంచిలి నుంచి వచ్చిన భవాని అనే ఏ.ఎన్.ఎం. పిల్ల కుడి దవడ కింద వేళ్ళు ఆపేసింది. "మేడమ్, ఇక్కడ గట్టిగా ఏదో ఉంది" అంది. నేను చూశాను. ఉంది. ఉసిరిక్కాయంత. కదలడం లేదు.

అత్త నా మొహంలోకే చూస్తోంది. "ఏం లేదు, నరం" అన్నాను.

బావ అత్తని తీసుకెళ్ళడానికి వచ్చాడు. వరండాలోకి పిలిచి చెప్పాను. మెడ ఆపరేషను చేయిద్దాం, ఎంతైనా సరే బతికించుకుందాం అన్నాను. ఆపరేషను బాగా జరిగినప్పటి నుంచి వాడికి ధైర్యం వచ్చింది, సరేనన్నాడు. ఈసారి ఆలస్యం చెయ్యనక్కా. పద్దెనిమిదో తేదీకి మంచం ఖాయం చెయ్యి. అత్తకి రైలెక్కించాక చెప్తాం. ముందే చెప్తే బెంగ పెట్టుకుంటుంది.

సత్య


విశాఖపట్నం,
12 మార్చి 2002.

సత్యా,

మంచం ఖాయం చెయ్యలేదు. చెయ్యను.

వరండాలోకి ఎవర్ని పిలిచావు? ఎవర్ని బల్ల మీద కూర్చోబెట్టావు? నీ మొదటి ఉత్తరంలో డాక్టరు గారి పేరు ఉన్నచోట నీ పేరు పెట్టి చూసుకో. ఆయన ఇంటికి పంపమన్నాడు, నువ్వు కోయిద్దామంటున్నావు. తేడా అంతే. ఇద్దరూ మాట్లాడింది కొడుకుతోనే. మూడు రోజులు ముప్ఫై నాలుగు మందికి ఏం నేర్పావు నువ్వు?

నీకు ఆవిడ బతకడం కావాలా, నీ సంతకం మాసిపోవడం కావాలా? కోపంతో అడగడం లేదు. కాదు, కోపంతోనే అడుగుతున్నాను. నాకూ ఆ సంతకం పక్కన ఒక పేరుంది. అదే ఆశ నాకూ ఉంది. అందుకే చెప్తున్నాను.

ఆ గడ్డకి కోత అంటే మెడ కుడివైపంతా తెరవడం. భుజం పడిపోవచ్చు, గంప ఎత్తలేకపోవచ్చు. అయినా మళ్ళీ రాదని హామీ లేదు. కోయకపోతే కొన్ని నెలలు. నొప్పికి మార్ఫిన్ మాత్రలున్నాయి, అవి నేను పంపగలను. ఈ నాలుగు మాటలూ అత్తకి చెప్పు. నరమని చెప్పిన నోటితోనే చెప్పు. ఆమె రమ్మంటే ఆ రోజే మంచం నా చేత్తో దులిపి ఉంచుతాను.

దమయంతి


పలాస,
24 మార్చి 2002.

అక్కా,

నీ ఉత్తరం చించేశాను. తర్వాత ముక్కలు ఏరుకుని మళ్ళీ చదివాను.

పేటకెళ్ళేసరికి అత్త గుమ్మంలో కూర్చుని వల దారం చుడుతోంది. నన్ను చూసి దారం ఆపలేదు. నేను నోరు తెరవకముందే దవడ కింద వేలు పెట్టి చూపించి, "మల్లీ మజ్జిగ తాగమంటావేటి?" అంది.

ఏడ్చానక్కా. నర్సు ఏడవకూడదని నువ్వే చెప్పేదానివి. అత్త ఏడవనిచ్చింది. తర్వాత, "అయిపోతే సెప్పు" అంది.

నువ్వు రాసినవి ఒక్కటీ తగ్గించకుండా చెప్పాను. బావని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఆవిడ ముందే చెప్పాను. భుజం మాట రెండుసార్లు అడిగింది. చెప్పాను. చాలాసేపు దారం చుట్టింది. వద్దంది. నేను వాదించాను. బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నాను కూడా. నాకు కోపం వచ్చింది, ఇంత చేస్తే వద్దంటుందేటని. "అడిగినావు కదా, మరి ఇను" అంది. విన్నాను. నాకు ఇష్టం లేదు. ఇప్పుడు కూడా ఇష్టం లేదు. అయినా విన్నాను.

మాత్రలు పంపు. వచ్చే నెల సంతబొమ్మాళి మండలం నర్సులకి ఇంకో శిక్షణ పెట్టమంది, ఓపికున్నప్పుడే కుర్చీలో కూర్చుంటానంది. నిన్న కొత్త కార్డులు పట్టుకుని భవానీ నేనూ పేటలో ఇల్లిల్లూ తిరిగాం. వియ్యంకుణ్ణి అత్తే స్వయంగా లేవగొట్టి పంపింది. పదకొండు మంది అంగిళ్ళ మీద తెల్ల మచ్చలున్నాయి. వాళ్ళందర్నీ ఒకటో తేదీన నీ దగ్గరికి తీసుకొస్తున్నాను. ఆ పదకొండుగురికీ ఏం జబ్బని అనుమానమో వాళ్ళ మొహం మీదే చెప్పాను.

అత్త కార్డు రెండో ప్రతి దీనితో పంపుతున్నాను. బీరువాలో పాతదాని మీద పెట్టు. అట్టడుగు గడి ఇలా నింపాను:

"కోత ఒద్దు. నొప్పికి బిల్లలు కావాల. గంప మొయ్యగలిగినన్నాల్లు మోత్తాను. ఏటి మాటాడినా నా ముందర మాటాడండి."

కింద సంతకం నాది. ఈసారి గిలకలేదు, ఎవరైనా చదివేలా పూర్తి పేరు రాశాను.

సత్యవేణి